ఇంటర్‌స్టెల్లార్ గొడవ: ఏది ప్లాట్ హోల్, ఏది పాత్ర చేసిన పొరపాటు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హాస్టల్ రూములో నలుగురు కూర్చుని లాప్‌టాప్‌లో ఇంటర్‌స్టెల్లార్ చూశారు. ఆ రాత్రి నుంచి నీకూ నీ రూమ్మేట్‌కీ పడటం లేదు. అతను సినిమా నిండా లాజిక్ లేదంటాడు, నువ్వు ఒక్క తప్పు కూడా లేదంటావు. అతను పట్టుకున్నవి మూడు. భూమి మీద నుంచి లేవడానికి అంత పెద్ద రాకెట్ కావాల్సి వచ్చిన అంతరిక్ష ఓడ, నీళ్ల గ్రహం మీద నుంచి ఏ రాకెట్టూ లేకుండా ఎట్లా లేచింది? అక్కడ గంట ఉంటే ఇక్కడ ఏడేళ్లు పోతాయని తెలిసి కూడా, అంత చదువుకున్నవాళ్లు ముందు ఆ గ్రహానికే ఎందుకు పోయారు? అంతరిక్షంలో దూరపు చోట్లను కలిపే సొరంగం, అదే వార్మ్‌హోల్, పెట్టింది భవిష్యత్తు మనుషులే అయితే, అది లేకముందు ఆ మనుషులు ఎట్లా బతికి బయటపడ్డారు? ఓడినవాళ్లు శ్రీవారి మెట్టు ఎక్కాలని పందెం కూడా వేసుకున్నారు. ఎవరిది రైటో తేల్చమన్నావు. సినిమా చూడనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు చూసి రండి, కథంతా ఇక్కడ బయటపడుతుంది.

సూటిగా చెప్పేస్తాను. మొదటి ప్రశ్నలో నీ ఫ్రెండ్‌దే రైటు, అది నిజంగానే ప్లాట్ హోల్. మూడోది ప్లాట్ హోల్ కాదు, అక్కడ నువ్వు రైటు. రెండోది సగం అతనిది, సగం నీది. మీ గొడవ తెగకపోవడానికి కారణం ఒకటుంది. మూడు రకాల తప్పులకు మీరిద్దరూ ఒకటే పేరు పెట్టుకున్నారు.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను, 28 ఏళ్లయింది. నెలకో ఆదివారం డిపార్ట్‌మెంట్‌లో ప్రొజెక్టర్ పెట్టి ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా వేస్తాం. సినిమా రెండున్నర గంటలైతే చర్చ మూడు గంటలు నడుస్తుంది. నీ మూడు ప్రశ్నలూ ఆ గదిలో ఎన్నోసార్లు విన్నాను. మాటా మాటా పెరిగి నెలరోజులు మాట్లాడుకోని పిల్లల్ని కూడా చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

సైన్స్ తప్పు అంటే సినిమా ప్రకృతికి ఎదురు పోవడం. ప్లాట్ హోల్ అంటే సినిమా తన మాటకు తానే ఎదురు పోవడం. పాత్ర పొరపాటు అంటే కథలో ఒక మనిషి తప్పు నిర్ణయం తీసుకోవడం. మొదటి రెండూ సినిమా తీసినవాళ్ల బాధ్యత. మూడోదాన్ని చాలాసార్లు తప్పనే అనకూడదు, కథ నడిచేదే దాని మీద.

మొదటి రెండింటి తేడా ఒకే సినిమాలో చూపిస్తాను. జురాసిక్ పార్క్ (1993) తీసుకో. రాయిలా గట్టిపడిన చెట్టుబంకలో చిక్కుకున్న దోమ రక్తంలో నుంచి డైనోసార్ డీఎన్ఏ తీస్తారు. పాత ఎముకల మీద చేసిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. ఆ ఎముకలున్న పరిస్థితుల్లో డీఎన్ఏ 521 ఏళ్లకు సగం విరిగిపోతుందని అందులో లెక్క తేలింది. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. కాబట్టి ఏమీ మిగలదు. ఇది సైన్స్ తప్పు. అయినా సినిమా మొదట్లోనే ఈ మాట చెప్పి మనల్ని ఒప్పించి కథలోకి తీసుకుపోయింది. ఆ ఒక్క అబద్ధం మనం ఒప్పుకుని కూర్చున్నదే. అదే సినిమాలో టీ రెక్స్ కంచె దాటి రోడ్డు మీదికి నడిచి వస్తుంది. అంటే కంచె అవతల నేల రోడ్డుతో సమానంగా ఉందన్నమాట. కొద్ది నిమిషాల తర్వాత అదే కంచె మీదుగా కారును తోస్తే అది లోతైన గోతిలోకి పడుతుంది. అంత లోతు ఎక్కడి నుంచి వచ్చిందో సినిమా చెప్పదు. ప్లాట్ హోల్ అంటే ఇదీ. దీనికి సైన్స్ తెలియాల్సిన పని లేదు, సినిమాను శ్రద్ధగా చూస్తే చాలు.

ఇప్పుడు నీ రాకెట్ సంగతి.

2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగానికి మా పిల్లల్ని శ్రీహరికోట తీసుకుపోయాను. మన జిల్లాలోనే కదా, పొద్దున్నే బస్సు మాట్లాడుకుని సూళ్లూరుపేట మీదుగా చేరుకున్నాం. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు ఎల్‌వీఎం3 రాకెట్ లేచింది. ముందు వెలుగు, ఆ తర్వాత పొగ. శబ్దం మాత్రం చాలాసేపటికి గానీ మా దగ్గరికి రాలేదు, అది కిలోమీటరు నడవడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. వచ్చాక మాత్రం ఛాతీలో గుద్దినట్టు ఉండింది. పక్కనున్న పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని, ఆ ఉరుము ఆగిపోయేదాకా వదల్లేదు. తిరిగొస్తూ బస్సులో వాళ్లకు ఒకటే లెక్క చెప్పాను. ఆ రాకెట్ బరువు 640 టన్నులు. అది పైకి తీసుకుపోయిన చంద్రయాన్-3 బరువు నాలుగు టన్నులకు కాస్త తక్కువ. మిగతాదంతా ఎక్కువ భాగం ఇంధనం, కాలిపోయి రాలిపోయే అంతస్తులు. భూమి గురుత్వం నుంచి బయటపడటానికి కట్టాల్సిన సుంకం అంత.

ఇంటర్‌స్టెల్లార్ కూడా ఈ సుంకాన్ని ఒప్పుకుంది. భూమి మీద నుంచి రేంజర్ అనే చిన్న ఓడను పెద్ద రాకెట్ మీద కూర్చోబెట్టి, ఒక్కో అంతస్తునూ వదిలేస్తూ పైకి పంపింది. ఆ తర్వాత నీళ్ల గ్రహం గురుత్వం భూమికన్నా 30 శాతం ఎక్కువని పాత్రల చేతే చెప్పించింది. మరి అక్కడి నుంచి అదే రేంజర్ ఒక్కటే లేచిపోయింది. తన మాటకు తానే ఎదురు పోయింది.

అభిమానులు దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు. ప్రయాణం మొదట్లో రేంజర్ ఇంధనం దాచుకోవడానికి భూమి మీద రాకెట్ వాడారని అంటారు. మంచి ఊహే. కానీ ఆ మాట సినిమాలో లేదు. సినిమాలో లేని సమాధానం మనం తెచ్చి పెడితే అది మన కథ అవుతుంది, ఆ మార్కులు సినిమాకు వెయ్యకూడదు. చూచాయగా ఒక్క సంకేతం ఉన్నా నేను ఒప్పుకుంటాను, అక్కడ అదీ లేదు.

అసలు కష్టం గ్రహం గురుత్వంతో కూడా అయిపోదు. ఆ గ్రహం, కాలాన్ని అంతగా సాగదీసే బ్లాక్ హోల్‌కు అంత దగ్గరగా తిరుగుతున్నప్పుడు, బయట నుంచి అక్కడికి చేరాలన్నా, మళ్లీ బయటికి రావాలన్నా వేగాన్ని కాంతి వేగంలో దాదాపు మూడో వంతు మేర మార్చుకోవాలి. ఏ ఇంధనంతోనూ అయ్యే పని కాదు. దీన్ని సినిమా పూర్తిగా వదిలెయ్యలేదు. న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ తిప్పి ఆ ఊపుతో వేగం తగ్గించుకుంటామని ఓడ నడిపే కథానాయకుడు కూపర్ అంటాడు. సినిమాకు సైన్స్ సలహాదారు కిప్ థోర్న్ తర్వాత తన పుస్తకంలో, దానికి న్యూట్రాన్ నక్షత్రం చాలదు, ఇంకో మధ్యరకం బ్లాక్ హోల్ కావాలి అని రాశాడు. కాబట్టి ఆ భాగం సైన్స్ తప్పు కింద పోతుంది, ప్లాట్ హోల్ కింద కాదు, ఎందుకంటే సినిమా తన సమాధానం తాను ఇచ్చింది. గ్రహం మీద నుంచి లేవడం దగ్గర మాత్రం ఏ సమాధానమూ లేదు. అయితే ఒకటి నీ ఫ్రెండ్ కూడా ఒప్పుకోవాలి. ఆ భూమి మీది రాకెట్ సీన్ తీసేసి, రేంజర్ నేరుగా లేచినట్టు చూపించినా కథలో ఏ ముడీ ఊడదు. చిన్న చిల్లే.

కిప్ థోర్న్ పేరు వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్పాలి. 2014లో సినిమా వచ్చినప్పుడు, గంటకు ఏడేళ్లు అనేది అసాధ్యమని నేను క్లాసులో గట్టిగా చెప్పాను. గ్రహం బ్లాక్ హోల్‌లో పడిపోకుండా అంత దగ్గరగా తిరగలేదు అన్నది నా వాదన. తర్వాత థోర్న్ లెక్క చదివాను. ఆ బ్లాక్ హోల్ బరువు 10 కోట్ల సూర్యులంత, అది తిరిగే వేగం ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠానికి వెంట్రుకవాసి తక్కువ. అలాంటి చోట గ్రహం నిలబడగలదు. నేను తిరగని బ్లాక్ హోల్ సూత్రాలు పట్టుకుని తీర్పు చెప్పేశాను. మరుసటి వారం క్లాసుకు పోయి, పోయినసారి నేను చెప్పింది తప్పని బోర్డు మీద లెక్కతో సహా చూపించాను. అప్పటి నుంచి ఏ సినిమానైనా తప్పు పట్టే ముందు ఒక రోజు ఆగుతాను.

రెండో ప్రశ్న అన్నిటికన్నా లోతైనది. ఇది నాకు నేర్పింది పలమనేరు వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి.

ఆ రోజు గదిలో వాదన అంతా, కూపర్ బృందం ఆ గ్రహానికి పోవడం తెలివైన పనా కాదా అన్నదాని మీద జరుగుతోంది. పోవడానికి కారణాలు సినిమా చెప్పింది. అది దగ్గరగా ఉంది. అక్కడ నీళ్లున్నాయని, ముందే ఆ గ్రహానికి పోయిన మిల్లర్ అనే ఆమె పంపిన సంకేతం బాగుంది. ఇంధనం తక్కువ, అన్ని గ్రహాలూ చూసి వచ్చే వీలు లేదు. పెద్ద ఓడను కాలానికి అంత తేడా రాని చోట దూరంగా ఆపి, చిన్న ఓడలో దిగి గబగబా వచ్చేద్దామనుకున్నారు. వీటిలో ఏదీ పిచ్చి నిర్ణయం కాదు. నేనూ అదే అంటున్నాను. అప్పుడు ఆ అమ్మాయి లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. చాక్‌పీసు తీసుకుని 10 రాసి, కింద 7 రాసింది. మిల్లర్ వాళ్లు బయల్దేరి సుమారు పదేళ్లయింది. అక్కడ గంటకు ఏడేళ్లు. పదిని ఏడుతో భాగిస్తే గంటా ఇరవై అయిదు నిమిషాలు.

"సార్, ఆమె అక్కడ దిగి గంటన్నర కూడా కాలేదు కదా సార్. గంటన్నరలో ఆమెకు ఏం తెలిసిపోయిందని వీళ్లు పోయినారు?" అంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎన్నోసార్లు చూసిన సినిమా అది, ఆ భాగహారం నాకు తట్టలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి ఇంకో అడుగు ముందుకు వేసి చూశాను. ఏడేళ్లంటే 61 వేల గంటల పైమాటే. అంటే అక్కడ మిల్లర్ ఒక్క సెకను పంపిన సంకేతం బయట ఉన్నవాళ్లకు దాదాపు 17 గంటలు సాగి అందుతుంది. ఆ సంకేతం సాగిన తీరు చూసిన ఏ ఫిజిక్స్ మనిషికైనా, పంపినామె ఇప్పుడే దిగిందని అర్థమైపోవాలి. ఆ ఓడలో రామిలీ లాంటి ఫిజిక్స్ పండితుడు ఉన్నాడు. గంటకు ఏడేళ్ల సంగతి దిగకముందే వాళ్లకు తెలుసు. కూర్చుని ఆలోచించే తీరికా ఉంది. కూపర్‌తో పాటు దిగిన బ్రాండ్‌కు ఈ లెక్క వెలిగింది అక్కడ పెద్ద అల వచ్చిపోయాక. మిల్లర్ దిగి కొద్ది గంటలే అయిందని, చనిపోయి నిమిషాలే అయి ఉంటుందని అప్పుడు అంటుంది. అంటే కథ రాసినవాళ్లకు ఈ లెక్క తెలుసు, పాత్రలకు మాత్రం ఆలస్యంగా తెలియనిచ్చారు.

నా తీర్పు ఇది. ఆ గ్రహానికి పోదామనుకోవడం తప్పు కాదు, అది నీ సగం. ఆ భాగహారం ఎవరూ చెయ్యకపోవడం నమ్మశక్యం కాదు, అది నీ ఫ్రెండ్ సగం. రామిలీ ఆ పెద్ద ఓడలో 23 ఏళ్లు 4 నెలలు 8 రోజులు ఎదురుచూడాలి, కూపర్ తిరిగొచ్చి పిల్లల వీడియోలు చూసి కుమిలిపోవాలి. ఆ సీన్ కోసం తెలివైనవాళ్లను ఒక పూట మందమతుల్ని చేశారు. ఆ సీన్ చూసి నేను ప్రతిసారీ ఏడుస్తాను. అయినా ఆ లోపం లోపమే.

అదే గ్రహం మీద ఇంకో నిర్ణయం ఉంది, దాన్ని అందరూ తిడతారు. అల కొండలాగా లేచి వస్తుంటే బ్రాండ్ రికార్డర్ కోసం పోతుంది, ఓడలోకి రమ్మని కూపర్ అరుస్తున్నా వినదు. వాళ్లతో దిగిన డాయిల్ ప్రాణం పోతుంది. మా గదిలో ఈమెను తిట్టని బ్యాచ్ లేదు. దీన్ని మాత్రం నేను ప్లాట్ హోల్ అననివ్వను. పై లెక్క తీరిగ్గా కూర్చుని చెయ్యాల్సింది. ఇది నిమిషంలో తేల్చుకోవాల్సింది. వచ్చింది వట్టి చేతుల్తో పోవడానికా అన్న తెగింపు అది.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, అలాంటి నిమిషం నేను చూశాను. ఎనిమిదేళ్ల కింద ఇంటిల్లిపాదీ అలిపిరి నుంచి నడిచి కొండకు పోతున్నాం. గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుని మజ్జిగ తాగాం. అది శనివారం, జనం విపరీతం. లేచి నాలుగు అడుగులు వేశాక చూస్తే మా చెల్లెలి కొడుకు లేడు, ఏడేళ్ల పిల్లవాడు. పెద్దవాళ్లం అయిదుగురం ఉన్నాం. అయిదుగురం ఒకేసారి పైకి పరిగెత్తాం. ముందు పోయినవాళ్లలో కలిసిపోయి ఉంటాడని అందరికీ ఒకే ఆలోచన. కనిపించిన ప్రతివాళ్లనూ ఎర్రచొక్కా పిల్లవాడిని చూశారా అని అడుగుతూ చాలా దూరం పోయాం. ఒక్కరు కింద ఉండాలన్న మాట ఎవరి నోటా రాలేదు. నలభై నిమిషాల తర్వాత మా బావ కిందికి దిగి చూస్తే, మేం మజ్జిగ తాగిన మెట్టు మీదే వాడు కూర్చుని ఉన్నాడు. ఏడవలేదు కూడా. "కదలొద్దని నువ్వే కదా మామా చెప్పింది" అన్నాడు నాతో. ఎక్కడైనా తప్పిపోతే ఉన్నచోటే ఉండమని వాడికి నేర్పింది నేనే. ఆ నలభై నిమిషాలూ ఆ మాట నాకు గుర్తు రాలేదు.

దీన్నే సినిమాలో పెడితే, అయిదుగురూ ఒకవైపే పరిగెత్తడమేంటి, లాజిక్ లేదు అంటారు. నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా లాజిక్ చెప్పి బతుకుతున్నవాణ్ని.

కాబట్టి పాత్రను తప్పు పట్టే ముందు నేను పిల్లల్ని నాలుగు అడుగుతాను. ఆ నిమిషంలో ఆ మనిషికి ఏం తెలుసు? ఎంత టైముంది? భయం, ప్రేమ, అవమానం, వీటిలో ఏది పట్టుకుని ఉంది? ఇంతకుముందు సినిమా ఆ మనిషిని ఎలాంటిదిగా చూపించింది? ఎక్కువ గొడవలు మొదటి ప్రశ్న దగ్గరే తెగిపోతాయి. మనం కుర్చీలో కూర్చుని కథ మొత్తం చూశాం. పాత్ర చూడలేదు.

ది మార్షియన్ (2015) దీనికి చక్కటి ఉదాహరణ. కమాండర్ లూయిస్ తన మనిషి వాట్నీని మార్స్ మీద వదిలేసి వెళ్లిపోయింది, ఎట్లా వెళ్తుంది అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆమెకు తెలిసింది ఏంటి? అతని ఒంటి సంకేతాలు ఆగిపోయాయి. తుఫానులో ఏమీ కనిపించడం లేదు. ఓడ ఒరిగిపోతోంది, పడితే మిగతావాళ్లందరూ పోతారు. అయినా చివరి దాకా వెతికింది. ఆమె నిర్ణయంలో ఒక్క తప్పు కూడా లేదు. ఆ సీన్‌లో ఉన్నది సైన్స్ తప్పు. మార్స్ గాలి మన గాలిలో దాదాపు అరవయ్యో వంతు చిక్కదనం. అక్కడ గంటకు 160 కిలోమీటర్ల గాలి వీచినా, ఒంటికి ఇక్కడి 20 కిలోమీటర్ల గాలిలాగే తగులుతుంది. లుంగీ ఎగురుతుందేమో గానీ ఓడ ఒరగదు. మూల నవల రాసిన ఆండీ వియర్ ఇది తెలిసే రాశానని తానే ఒప్పుకున్నాడు. కథ మొదలవడానికి తీసుకున్న ఒక్క అబద్ధం అది.

మూడో ప్రశ్నకు, అంటే మనిషిని ఏ ఉద్వేగం పట్టుకుని ఉంది అన్నదానికి, మన దగ్గర అందరూ చూసిన రోబో (2010) ఉంది. మా పిల్లలు ఎప్పుడూ అడిగేది, వశీకరణ్ అంత పెద్ద సైంటిస్టు కదా, చిట్టిని ముక్కలు చేసి చెత్తకుప్పలో పారేస్తాడా, లోపలి భాగాలు ఎవరి చేతికైనా చిక్కుతాయని తెలియదా అని. ఆ నిమిషంలో అక్కడున్నది సైంటిస్టు కాదు. సైన్యం ముందు పరువు పోయింది. తాను చేసిన యంత్రమే తన అమ్మాయిని ప్రేమిస్తోంది. గొడ్డలి ఎత్తింది ఆ అవమానం. అంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. కోపం చల్లారాక, మర్నాడైనా ఆ ముక్కలు తెప్పించుకోవాలన్న ఆలోచన అతనికి రాకపోవడం దగ్గర మాత్రం నేనూ తల ఊపలేను. పైన చెప్పిన మిల్లర్ లెక్కలాగే, తీరిక దొరికాక కూడా తెలివి పనిచెయ్యకపోతే తప్పు పాత్రది కాదు, రాసినవాళ్లది.

నాలుగో ప్రశ్న దగ్గర దొరికిపోయిన సినిమా ప్రొమెథియస్ (2012). అందులో జీవశాస్త్రవేత్త చచ్చి పడి ఉన్న వేరే లోకపు జీవిని చూసి భయపడి వెనక్కి పోతాడు. కాసేపటికి బతికున్న పాములాంటి జీవి పడగెత్తితే, ముద్దు చేస్తూ చెయ్యి చాపుతాడు. ఇంతలో అతన్ని మార్చిన సంఘటన ఏదీ లేదు. దీన్ని సమర్థించడానికి నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

ఇక నీ మూడో ప్రశ్న, వార్మ్‌హోల్. గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టు కనిపిస్తుంది, నీ ఫ్రెండ్‌కు చిరాకు రావడంలో వింత లేదు. కాలం మీద తీసే కథలు ముఖ్యంగా రెండు దారుల్లో పోతాయి. ఒక దారిలో గతానికి పోయి దాన్ని మార్చవచ్చు. రెండో దారిలో జరిగింది మారదు, నువ్వు వెనక్కి పోయి చేసే పని కూడా అప్పటికే జరిగినదాంట్లో భాగం. ఏ దారి పట్టినా నాకు పర్వాలేదు. మధ్యలో దారి మార్చితే అప్పుడు ప్లాట్ హోల్.

ఇంటర్‌స్టెల్లార్ మొదటి నుంచి రెండో దారిలోనే నడిచింది. కూపర్ కూతురు చిన్న మర్ఫ్ గదిలో పుస్తకాలు వాటంతట అవే పడతాయి, దుమ్ము గీతలు గీతలుగా కూర్చుంటుంది. అవన్నీ సినిమా మొదట్లోనే చూశాం. చివర్లో అరల వెనక నుంచి వాటిని తోసింది కూపరే అని తెలుస్తుంది. వెళ్లొద్దని తనకు తానే సంకేతం పంపుకుంటాడు, అయినా అప్పటికే వెళ్లిపోయి ఉన్నాడు. ఏదీ మారలేదు. వార్మ్‌హోల్ కూడా ఆ చక్రంలోదే. మనుషులు బతికారు కాబట్టి దాన్ని పెట్టారు, పెట్టారు కాబట్టి బతికారు. మొదలు ఎక్కడ అని అడిగితే చక్రానికి మొదలు లేదు. ఇది మన బుర్రకు మింగుడు పడదు, నిజమే. కానీ సినిమా తన నియమాన్ని ఎక్కడా తప్పలేదు. 1984లో వచ్చిన టెర్మినేటర్ కూడా ఇదే చక్రం మీద నిలబడింది. కొడుకు పంపిన మనిషే తండ్రి అవుతాడు. దాన్ని ఒప్పుకున్నవాళ్లు దీన్నీ ఒప్పుకోవాలి.

కాలం కథల గురించి నా మొదటి గొడవ 1991లో. డిగ్రీ చదువుతున్నాను. టౌన్లో ఆదిత్య 369 చూసి, ముగ్గురం సైకిళ్లు తోసుకుంటూ ఇంటికి పోతూ దారంతా వాదించుకున్నాం. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పోతోంది కదా, టైమ్ మెషిన్ 1526కి పోతే అక్కడ భూమి ఎందుకుంటుంది, శూన్యంలో తేలాలి కదా అని నా వాదన. నెగ్గానని సంబరపడ్డాను. తర్వాత రిలేటివిటీ చదువుకున్నాక తెలిసింది, నా ప్రశ్నలోనే లోపం ఉందని. 'అక్కడే' అంటే దేన్ని బట్టి? సూర్యుణ్ని బట్టి చూస్తే భూమి కదిలింది. భూమిని బట్టి చూస్తే సూర్యుడు కదిలాడు. విశ్వంలో ఎక్కడా కదలని మేకు ఒకటి కొట్టి లేదు. కాబట్టి మెషిన్ భూమికి అంటుకుని ఉంటుంది అనుకోవడంలో తప్పేమీ లేదు. సింగీతం శ్రీనివాసరావు గారు వేసుకున్న సంవత్సరం కూడా సరిగ్గా ఉంది, అక్కడ కనిపించే శ్రీకృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 దాకా. కొన్నిసార్లు ప్లాట్ హోల్ సినిమాలో ఉండదు, మన ప్రశ్నలో ఉంటుంది.

ఇంకోసారి వాదించుకునేటప్పుడు ఒక పని చెయ్యండి. ఎదుటివాడు తప్పు అన్న చోట సినిమా ఆపి, ఇంతవరకు సినిమా ఇచ్చిన మాట ఏంటి అని ఇద్దరూ విడివిడిగా కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. మా గదిలో సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఇద్దరూ రాసిన వాక్యాలు వేరుగా ఉంటాయి. ఒకరు సీన్ సరిగ్గా వినలేదని బయటపడుతుంది. డబ్బింగులో చూసినవాళ్లతో ఇంకా జాగ్రత్త. లెక్కలూ సాంకేతిక మాటలూ కుదించి చెప్పేస్తారు, ఒరిజినల్‌లో ఉన్న సమాధానం అందులో ఎగిరిపోతుంది.

పందెం సంగతి. మొదటిది అతనిది, మూడోది నీది, రెండోది చెరి సగం. సరిసమానం, కాబట్టి ఇద్దరూ ఎక్కాల్సిందే. 2,388 మెట్లు, తెల్లవారుజామునే మొదలుపెట్టండి, ఎండెక్కితే కష్టం. పైన దర్శనానికి పోతూ మహాద్వారం దాటగానే కుడివైపు చూడండి, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాయల విగ్రహం ఉంటుంది. ఇక మెట్ల దారిలో నీ ఫ్రెండ్‌కు మిల్లర్ లెక్క నువ్వు చెప్పొద్దు. పదిని ఏడుతో భాగించి చూడమని అడిగి ఊరుకో, మిగతాది అతనే చెబుతాడు.